కొండ కింద అప్ప ఇల్లు

మలయాలో ఇపో ఊరి బజార్లో ఎండుచేపల బస్తాలు దింపుతున్న ఒక మనిషి తనలో తాను తెలుగులో తిట్టుకుంటుంటే ఆగి పలకరించాను. మలక్కా నుంచి సరుకు తెచ్చాడట. ఆ ఊరి పేరు వినగానే నా నోట వచ్చిన మొదటి ప్రశ్న, "కొండ కింద అప్ప బాగున్నాదా?"

అతను భుజం మీది బస్తా దించి నన్ను ఎగాదిగా చూశాడు.

"పోనాది బావూ. మొన్న వానలు ఎలిసినాక. ముందురోజు వరకూ పొయ్యి కాడే ఉన్నాది. ఆ రోజు కూర కూడా మాడనివ్వనేదు."

ఆ చివరి మాట అతను ఏడుపుగొంతుతో అనలేదు. గొప్పగా చెప్పాడు. నాకూ అలాగే వినిపించింది.

గదికి వచ్చి కాగితం ముందు పెట్టుకున్నాను. దేన్నయినా అర్థం చేసుకోవాలంటే ముందు దాని వివరాలు వరసగా రాసుకోమని నాకు పని నేర్పినవాళ్లు చెప్పారు. అప్ప విషయంలో ఆ పద్ధతి మొదట్లోనే ఆగిపోయింది. పేరు: తెలియదు, మా వైపు అక్కను పిలిచినట్టు అందరూ అప్ప అనేవారు. వయసు: తెలియదు, అడిగితే "పళ్లు సూసి సెప్పు, ఎద్దుకి సెప్పినట్టు" అనేది. ఊరు: చీకాకోలు, అంటే శ్రీకాకుళం, అవతల ఎక్కడో, సముద్రం హోరు వినపడేంత దూరంలో. భర్త: ఎడ్లబండి తోలేవాడు, నేను వెళ్లేనాటికే లేడు. ఇంతకు మించి ఆమె చరిత్ర నా దగ్గర లేదు. ఉన్నవి ఆమె చేతులు, ఆమె మాటలు, ఆమె పెట్టిన తిండి. వాటిని గుర్తొచ్చిన వరసలో రాస్తాను.

నేను సుంగై సుమున్ దగ్గర కొబ్బరితోటలో పుట్టాను. మా నాన్న అక్కడ కంగాణి, అంటే కూలీల మీద మేస్త్రీ. ఆయన నన్ను కౌలాలంపూరు పంపి సర్వే పనీ, నక్షాలు గీసే పనీ నేర్పించాడు. చదువు ముగిసిన ఏడాదే మలక్కాలో కొండ చుట్టూ ఉన్న పాత మురుగుకాలువలను కొలిచి నక్షా వేసే పని పడింది. బయలుదేరేటప్పుడు నాన్న ఒకటే చెప్పాడు: "ఆడ తెలుగిల్లు ఒకటే ఉన్నాది. కొండ కింద. ఆడే తిను."

మలక్కా చాలా పాత ఊరు. సుల్తానుల కాలంలో ఆ కొండ మీద రాజభవనం ఉండేదంటారు. తర్వాత పోర్చుగీసువాళ్లు, వాళ్ల తర్వాత డచ్చివాళ్లు, వాళ్ల తర్వాత ఇంగ్లీషువాళ్లు. ఒకరు కట్టింది ఇంకొకరు కూల్చగా మిగిలినవి ఇవి: ఒక కోటగుమ్మం, కప్పు లేని ఒక చర్చి, దాని గోడలకు ఆనించి నిలబెట్టిన నిలువెత్తు సమాధిరాళ్లు, ఓడలకు దారి చూపే దీపం. కొండ చుట్టూ ఇరుకు వీధులు, ఎర్రరంగు వేసిన కచేరీలు. ఒక పక్క నది, ఒక పక్క సముద్రం. అప్ప ఇల్లు కొండకీ సముద్రానికీ నడుమ, పోర్చుగీసు సంతతి జాలర్లు ఉండే వాడ మొదట్లో ఉండేది. తాటాకులాంటి ఆకు కప్పిన పొడుగుపాటి పాక. ముందుభాగంలో బల్లలు, వెనక పొయ్యిలు.

రైలు దిగి, సంచి భుజాన వేసుకుని, ఆకలితో ఆ పాకలోకి వంగి దూరాను. పొయ్యి ముందున్న మనిషి వెనక్కి తిరగకుండానే అడిగింది.

"కొండెక్కినావేటి?"

"నేదప్పా. ఇప్పుడే దిగినాను. అన్నం ఉంటే..."

"కూడు నేదు. ముందు కొండ, తరవాత కంచం."

ఆకలి మీద ఉన్నాను కనుక కోపం వచ్చింది. తర్వాత తెలిసింది, ఆ కట్టడి నా ఒక్కడికే కాదు. సెలవు దొరికి తోటల నుంచి వచ్చిన కూలీలకూ, ఓడ దిగిన కళాసీలకూ, ఊరు చూడ్డానికి వచ్చిన గుమాస్తాలకూ అదే మాట. ఒక ఇంటికి వెళ్లి, అరుగు మీదున్న పెద్దాయన్ని పలకరించకుండా నేరుగా వంటింట్లోకి పోతారా అని అడిగేది. ఆ ఊరికి కొండ పెద్దాయన.

పంపించి ఊరుకునేది కాదు, తనే వెంట వచ్చేది. గరిటె తీసి దగ్గర్లో తింటున్నవాడి ఎంగిలి కాని చేతికి ఇచ్చి, "కలుపుతుండు. మాడిందా, ఆ మాడుముక్క నీ కంచంలోనే ఏస్తాను" అని చెప్పి, పైట చెంగుతో చేతులు తుడుచుకుంటూ బయలుదేరేది. ఎడమచెయ్యి నడుం మీద. కుడిచెయ్యి ఊపు. దేన్నీ వేలితో చూపించేది కాదు, గడ్డంతో చూపించేది.

కోటగుమ్మం దగ్గర ఆగి గడ్డం ఎత్తింది.

"ఇక్కడే మనోళ్ల ఓడలు దిగినాయి. మన కాడ నేసిన గుడ్డలే ఇక్కడి సుల్తాను కట్టినాడు."

"దానికి ఆధారం ఏటప్పా?"

"ఆధారం నాను కాదేటి? నాను ఓడెక్కి రానేదా? నాకంటే ముందు ఒకడూ రాకుండానే ఉంటాడా?"

ఆ వాదనకు అప్పుడు నవ్వాను. చాలా రోజుల తర్వాత కచేరీలో ఒక పాత పుస్తకం తిరగేస్తుంటే, మా తీరం నుంచి ఆ రేవుకు నిజంగానే గుడ్డల బేళ్లు వచ్చేవని కనిపించింది. పరుగెత్తుకుంటూ వెళ్లి చెప్పాను. ఆమె ఏమీ సంతోషించలేదు. "నీకిప్పుడు తెలిసినాదేటి?" అని చేప తోముకుంటూ ఉండిపోయింది.

చర్చిలో సమాధిరాళ్ల ముందు నిలబడి ఒక్కొక్కరినీ పరిచయం చేసింది. ఆమెకు చదువు రాదు. రాతి మీద చెక్కిన బొమ్మలను బట్టీ, రాయి సైజును బట్టీ ఎవరెవరో తనే నిర్ణయించింది. "ఈ దొర పెళ్లాం పిల్లల్తో ఉన్నాడు. ఆ మూలనున్నోడు ఒంటిగాడు, ఆస్తి దండిగా ఉండీది, పాపం తినీవోళ్లు నేరు." ఓడ బొమ్మ చెక్కిన ఒక రాయికి కింద పసుపు రాసి ఉంది. మా వైపు పడవ ముక్కుకి రాసినట్టే. కాపలావాడు ఒకసారి కేకలేశాడట. "మీ దొరకి సలవ సేస్తాది, ఉండనీ లా" అని జవాబిచ్చిందట. మలయావాళ్ల 'లా' ఆమె మాటల చివర ఎప్పుడు తగులుతుందో ఆమెకే తెలియదు.

ఇవన్నీ అయ్యాక కొండ అంచుకి తీసుకెళ్లింది. కింద ఊరంతా పొగలు. పొద్దు నడినెత్తికి వచ్చే వేళ, గాలి సముద్రం మీంచి పైకి వీస్తోంది. అప్ప కళ్లు మూసుకుని ముక్కుతో ఊరు చదివింది.

"అదిగో, చీనావోళ్లు పందిమాంసం సోయాతో ఉడకెడతన్నారు. ఆ పక్క మలాయావోళ్లు రొయ్యముద్ద కాలస్తన్నారు. ఈ ఘాటు సూడు, ఆవాలూ పుల్లటి సిరకా, అది జాలరోళ్ల పెద్ద, సరంగు ఇల్లు. ఆల కూరకి దెయ్యం కూడా దండం ఎట్టాల." గడ్డం కాస్త పైకెత్తి, "ఇంక ఆ సివర పొగ సూడు. అది మనది."

ఆకలి వల్లనో ఏమో, ఆ సన్నటి పొగ నాకు నిజంగానే మిగతావాటికంటే నిటారుగా కనిపించింది.

దిగి వచ్చాక పెట్టిన భోజనం ఇది. మామిడికాయ వేసి వండిన మెత్తళ్ల చేపలు. కొబ్బరికోరుతో వేయించిన పనసపొట్టు. ఇగురుపెట్టిన పీతలు. రొయ్యముద్దను నిప్పుల మీద కాల్చి పచ్చిమిరపకాయలతో నూరిన పచ్చడి. ఈ చివరిది మలయావాళ్ల వంట. ఆమె ఒప్పుకునేది కాదు. "మన రొయ్యపొట్టే. ఈలు ముద్ద సేసినారు, అంతే." పక్కనే ఒక తమిళామె నడిపే కల్లుకొట్టు ఉండేది. అక్కడి నుంచి ఇత్తడి చెంబులో కల్లు వచ్చింది. తేటగా, చివర కొంచెం పుల్లగా, కొబ్బరిపువ్వు వాసనతో ఉంది. తోటలో మా వాళ్లు తాగే కల్లుకూ దీనికీ తేడా ఏమిటో ఆలోచిస్తుంటే అప్పే చెప్పింది: "ఆడ పని మరిసిపోడానికి తాగుతారు. ఈడ కొండెక్కినందుకు తాగుతారు."

అన్నిటికంటే చివర రబ్బరాకులో చుట్టిన చిన్న పొట్లం పెట్టింది. విప్పితే మెత్తటి జిగురన్నం ముద్ద, చుట్టూ ఊరిన తియ్యటి సారం. మలయావాళ్లు దాన్ని తాపై అంటారు. ఉడికించిన జిగురుబియ్యం చల్లారాక, బజార్లో అమ్మే పులుపుబిళ్లలు పొడిచేసి చల్లి, మూసి ఉంచితే రెండు మూడు రోజులకు తయారవుతుంది. ఇంకా నిలవ ఉంచితే నీరు దిగి మంచి సారా అవుతుంది. మొదట తీపి, వెంటనే చలవ, ఆ తర్వాత చెవుల వెనక వెచ్చదనం. నాకు తెలిసి రబ్బరుచెట్టు నుంచి మా వాళ్లు ఇష్టంగా అందుకున్నది ఆ ఆకు ఒక్కటే.

తాపై చేసేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదని ఆ ఊళ్లో నియమం. కోపగించుకోకూడదు, తగువాడకూడదు, చేతులు శుభ్రంగా ఉండాలి. లేకపోతే పులిసిపోతుందంటారు. అప్ప ఆ నియమం మలయా ఇరుగమ్మ దగ్గర పనితో పాటు నేర్చుకుంది. నిద్రలో తప్ప ఆమె నోరు మూసుకుని ఉండగా నేను చూసింది అన్నం ఆరబెట్టి బిళ్లపొడి చల్లే ఆ కాసేపే. పెదవులు బిగించి, కళ్లతో అందరినీ తిడుతూ ఉండేది. చివరి మూత పెట్టగానే, మింగిన మాటలన్నీ ఒకేసారి బయటికొచ్చేవి.

ఇంత మాటకారికి ఒకే ఒక మనాది ఉండేది.

వేసవిలో జాలర్ల వాడలో పడవలకు రంగులు వేసి, పాదిరీ చేత దీవెన చెప్పించుకునే పండగ ఒకటి జరుగుతుంది. ఆ మధ్యాహ్నం ఒడ్డున పడవచెక్కలతో పొడుగాటి బల్ల వేస్తారు. చుట్టుపక్కల ఉన్న అన్ని జాతుల ఇళ్లనూ పిలుస్తారు. పిలవడం అంటే నిజంగానే పిలవడం. వాడకు పెద్ద ఒక ముసలి సరంగు, ఒకప్పుడు పడవ నడిపినవాడు. ఆయన బల్ల మొదట నిలబడి మలయాలో కేక వేస్తాడు: "రుమా చీనా!" చీనా ఇల్లు అని. ఆ ఇంటి ఆడమనిషి తన కుండ తెచ్చి బల్ల మీద పెట్టి, మొదటి గిన్నె తనకు ఇష్టమైనవాళ్లకు పోస్తుంది. తర్వాత ఇంకో ఇల్లు. ఆ కేక వినడానికి ఊరంతా చేరుతుంది.

అప్ప ఎన్నో ఏళ్లుగా ఆ బల్లకు కూర పంపుతోంది. ఎన్నో ఏళ్లుగా ఆ కూర "రుమా తమిళ్" అన్న కేక కింద, కల్లుకొట్టు ఆమె కుండ పక్కన చేరుతోంది. ఇద్దరూ మంచి స్నేహితులే. రోజూ గోడకు అటూ ఇటూ నిలబడి, ఆమె తమిళంలో ఈమె తెలుగులో, ఒకరినొకరు ఎద్దేవా చేసుకోకపోతే ఇద్దరికీ తోచేది కాదు. అప్పను ఆమె 'తెలుంగచ్చి' అనేది. అయినా ఆ ఒక్కరోజు అప్ప ముఖం నల్లబడేది.

"ఆలమీద నాకు కోపం నేదు బావూ. ఆల పేరు ఆలకుంది. నాను సచ్చినాక, ఈ ఊళ్లో ఒక తెలుగు మనిషి బతికినాదని ఎవుడికి తెలస్తాది? ఆ సరంగు ఒక్కసారి పిలిస్తే సాలు. అందరూ ఇంటారు."

నేను చదువుకున్నవాణ్ణి కనుక ఆ పని నాకు అప్పగించింది. నేను చక్కటి నక్షా ఒకటి గీశాను. ఇటు మద్రాసు, తంజావూరు వైపు ఒక రంగు, అటు విశాఖపట్నం, చీకాకోలు వైపు ఇంకో రంగు, నడుమ సముద్రం నీలం. సరంగు ఇంటి అరుగు మీద పరిచి, నాకు వచ్చిన మలయాలో వివరంగా చెప్పాను. భాష వేరు, లిపి వేరు, తిండి వేరు. ఆయన టోపీ తీసి పక్కన పెట్టి ఎంతో శ్రద్ధగా విన్నాడు. చివరికి నీలం మీద వేలు పెట్టి అడిగాడు.

"ఇక్కడ లోతెంత?"

నాకు తెలియదన్నాను. ఆయన నొచ్చుకున్నట్టు కనిపించాడు. నక్షా బాగుందని మెచ్చుకుని మడిచి ఇచ్చేస్తూ, "అయితే తమిళ ఇల్లే కదా" అన్నాడు.

అప్ప ఈ సంగతి విని పొయ్యి ముందు కూలబడి నవ్వింది. నవ్వడం అయ్యాక లేచి, పైట దోపుకుని, తనే వెళ్లింది. నేను వెనకాల వెళ్లాను. వాకిట్లో నిలబడే అడిగింది, తన పేర కేక ఎందుకు వెయ్యవని. సరంగు చెడ్డవాడు కాదు. తాతలనాటి పద్ధతి ఒకటుందని చెప్పాడు. వేరుగా కేక కావాలంటే ఆ ఇల్లు తినడానికి ఒకటీ, తాగడానికి ఒకటీ తేవాలి. రెండూ ఇంకో ఇల్లు పెట్టనివి కావాలి. "కూర నీదే, ఒప్పుకున్నాను తల్లీ. మరి నీ వాళ్లు తాగేదేమిటి? కల్లు తమిళ ఇంటిది."

అప్ప ఇంటి ముందుకొచ్చాక అంది:

"తాపై. ప్రతీ ఇంట్లో సేస్తారు, ఇంటి తిండని బల్లమీద ఎవులూ ఎట్టరు. ఎవులూ ఎట్టనేదు గాబట్టి మనదే."

"అది మలాయావోళ్లది కాదేటప్పా?"

"నాకంటే బాగా సేసినోళ్లని సూపించు."

చూపించలేకపోయాను. అప్పటి నుంచి పండగ వరకూ ఆ పాకలో వేరే మాట లేదు. తోటల నుంచి వచ్చే తెలుగువాళ్లందరికీ కబురు వెళ్లింది. ఆ రోజు వచ్చి ఒడ్డున నిలబడమని, కేక వినమని. నాన్న కూడా వస్తానని కబురంపాడు.

అప్ప జిగురుబియ్యం ఏరి, నానబెట్టి, ఆవిరి మీద ఉడికించి, నోరు బిగించుకుని తాపై వేసింది. ఇక్కడ ఆ వంటింట్లో ఇంకో కుండ సంగతి చెప్పాలి. తరవాణి కుండ. మా వైపు ఇళ్లలో అది పొయ్యి పక్క వెచ్చటి మూలలో ఉంటుంది, ఖాళీ కాకూడదు. రోజూ సాయంత్రం అన్నం వార్చిన గంజి అందులో పోస్తారు. అది పులిసి పుల్లటి నీరవుతుంది. పొద్దున చద్దన్నంలో పోసుకుని తింటే ఎండలో పని చేసే ఒంటికి హాయి. అప్ప తల్లి నుంచి నేర్చుకున్నదీ, నీళ్లు దాటినా మానుకోనిదీ ఆ అలవాటే. రోజూ సాయంత్రం, చూడకుండా, ముందు గదిలో ఎవరినో గద్దిస్తూ, ఎడమచేత్తో గుడ్డ ఎత్తి, కుడిచేత్తో గంజి వంచి, గుడ్డ కప్పేసేది.

తాపైకి వెచ్చదనం కావాలని ఈసారి ఆ వెచ్చటి మూలలో తాపై కుండ పెట్టింది. తరవాణి కుండను కిటికీ కిందికి జరిపింది. జరిపిన సంగతి ఆమెకు గుర్తుంది. చేతికి గుర్తులేదు.

పండగ పొద్దున నేను వెళ్లేసరికి ఆమె తాపై కుండ మూతిగుడ్డ విప్పి, దాని ముందు కూర్చుని ఉంది. వాసన గుమ్మం దాకా వస్తోంది. తీపి వాసన కాదు. పుల్లటి, చల్లటి వాసన. ఏం జరిగిందో ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది, ఎందుకంటే ఆమె చూపు కిటికీ కిందికి పోయింది. అక్కడి కుండ అడుగంటి ఎండిపోయి ఉంది. రోజూ గంజి పాత మూలలోని తాపైలోకే పోసిందన్నమాట.

"సీనా కొట్టు నుంచి సారా తెస్తాను" అన్నాను. "గంటలో తెస్తాను."

"కొన్న సారా మీద నా ఇంటి పేరు పిలిపించుకుంటానేటి?"

"మరి ఏటి సేస్తావు? ఒడ్డున మనోళ్లందరూ ఉన్నారు."

ఆమె దొప్పతో కాస్త తీసి అరచేతిలో పోసుకుని రుచి చూసింది. మళ్లీ చూసింది. మూడోసారి తాగేటప్పుడు ఆమె ముఖం మారింది. నన్ను కాదు, ఇంకెవరినో చూస్తున్నట్టు అంది:

"మాయమ్మ కోతలకెల్లినోళ్లకి ఇదే పోసీది. ఇంతకంటే పలసగా ఉండీది. ఇది బలంగా ఉన్నాది."

ఆ తర్వాత ఆమె చేతులు పని చేయడం మొదలుపెట్టాయి. జిగురన్నాన్ని చేత్తో పిండి వడకట్టింది. పచ్చిమిరపకాయలూ, అల్లమూ, ఉల్లిపాయా చితక్కొట్టి వేసింది. నిమ్మాకులు నలిపింది, కరివేపాకు వేసింది. ఉప్పు వేళ్లతో తీసి, గాలిలోంచి జల్లింది. నేను మెత్తళ్ల కూర గిన్నె ఎత్తుకున్నాను. ఆమె కుండ నెత్తిన పెట్టుకుంది. చెయ్యి పట్టకుండా నడిచింది, ఎడమచెయ్యి ఎప్పట్లాగే నడుం మీద.

ఒడ్డంతా జనం. రంగుల జెండాలు కట్టిన పడవలు ఇసుక మీద వరసగా ఉన్నాయి. మా తోటలవాళ్లు ఒక పక్కగా, ఉతికిన పంచెలు కట్టుకుని, నలుగురి మధ్య ఎలా నిలబడాలో తెలియక దగ్గర దగ్గరగా నిలబడ్డారు. వాళ్లలో మా నాన్న ఉన్నాడు. సరంగు కేకలు సాగుతున్నాయి. చీనా ఇల్లయింది, చిత్తీలని పాత వర్తకుల సంతతి, వాళ్ల ఇల్లయింది, మలయా ఇల్లయింది. తమిళ ఇల్లని పిలవగానే కల్లుకొట్టు ఆమె తన కల్లుకుండ పెట్టింది. ఇంకో కేక లేదు. సరంగు అప్ప వైపు చూసి, చేత్తో దగ్గరికి రమ్మన్నాడు.

జాలర్లు రాత్రంతా తాగి ఉన్నారు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఎండ మండుతోంది. సరంగు కుండలోంచి తనే ఒక గిన్నె ముంచుకుని తాగాడు. ముఖం చిట్లించాడు. గొంతు సవరించుకున్నాడు. ఇంకో గిన్నె తాగాడు. పక్కనున్న కుర్రజాలరి ఆ గిన్నె లాక్కుని తాగి, నెత్తిమీద నీళ్లు పోసుకున్నవాడిలా ఊపిరి వదిలాడు. అప్పటికే నలుగురు గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు.

"దీని పేరేమిటి?" అన్నాడు సరంగు.

"తరవాణి."

ఆయన ఆ మాటను నోట్లో తిప్పిచూసి వదిలేశాడు. తర్వాత, పద్ధతి తెలిసిన మనిషి కనుక, కల్లుకొట్టు ఆమె వైపు తిరిగాడు.

"ఇది నీ వాళ్లది కూడానా?"

నేను తోటలో పుట్టినవాణ్ణి. మా పక్క ఇళ్లన్నీ తమిళ ఇళ్లే. ఇలాంటి పులిసిన నీళ్ల కుండ వాళ్ల ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, ఇంకో పేరుతో. ఆ సంగతి నాకు తెలుసు, నాన్నకు తెలుసు, అప్పకు అందరికంటే బాగా తెలుసు. ఆమె గడ్డం మొదటిసారిగా కిందికి దిగింది.

కల్లుకొట్టు ఆమె గిన్నెడు తీసుకుని వాసన చూసింది. అప్పను చూసింది. ఆ తర్వాత ఒడ్డు మీద గుంపుగా నిలబడ్డ మా వాళ్లను కూడా ఒకసారి చూసింది. గిన్నె తాగకుండా కింద పెట్టేసి, వంకరగా మూతి తిప్పి, రోజూ గోడ దగ్గర ఎద్దేవా చేసే గొంతుతోనే అంది:

"ఇదు ఎంగళోడదు ఇల్లె. యారు కుడిప్పా ఇంద పుళిప్పు? ఇదు తెలుంగచ్చియోడదు."

మాది కాదు, ఈ పులుపు ఎవరు తాగుతారు, ఇది ఆ తెలుగామెది అని. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అప్ప నవ్వలేదు. ఆమెనే చూస్తూ ఉండిపోయింది.

సరంగు టోపీ సర్దుకుని బల్ల మొదటికి నడిచాడు. ఆయన గొంతు పెద్దది. సముద్రం మీద పడవ నుంచి పడవకు వినపడేలా అరిచి అరిచి తయారైన గొంతు.

"రుమా తెలుగు!"

మా గుంపులోంచి ఎవరో "ఆ" అన్నారు, బడిలో హాజరు పలికినట్టు. నాన్న తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఎందుకు తీశాడో ఆయనకు తెలిసి ఉండదు. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా నేను నక్షాలో ఏ ఊరి పేరు రాసినా, రాసే ముందు ఒకసారి ఆ కేక వినపడుతుంది.

అప్ప కుండ ఎత్తి రెండు చేతులా బల్ల మీద పెట్టింది. మొదటి గిన్నె ఎవరికి పోయాలన్నది ఆమె ఇష్టం. సరంగు ఎదురుగానే ఉన్నాడు. మా నాన్న ఉన్నాడు. ఆమె గిన్నె నిండా పోసి, ఒలకకుండా పట్టుకుని, బల్ల చుట్టూ తిరిగి వెళ్లి కల్లుకొట్టు ఆమె ముందు నిలబడింది.

ఆమె ఈసారి గడగడా తాగింది. చేతివెనకతో మూతి తుడుచుకుని, ఖాళీ గిన్నె తిరిగి ఇస్తూ అంది:

"ఉప్పు కమ్మి."

ఉప్పు తక్కువైందని. అప్ప గిన్నె అందుకుంది. ఎడమచెయ్యి నడుం మీదికి పోయింది, గడ్డం పైకి లేచింది.

"మా ఇంట్లో ఇంతే ఏస్తాం."